మీకు తెలుసా? ముల్లు పడిపోయినా ఇంజన్ మరుగుతుండవచ్చు

ఎండాకాలం మధ్యాహ్నం, హైవే మీద కారు. వేడిని చూపించే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. డ్రైవరు కంగారు పడేలోపే అది దానంతట అదే అడుగుకు దిగిపోయింది. చల్లబడిందిలే అనుకుని ప్రయాణం సాగిస్తారు చాలామంది. ఇంజన్ ప్రాణం పోయేది సరిగ్గా అక్కడే. వేడిని కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. ఏ హోస్ పైపో పగిలి కూలెంట్ మొత్తం కారిపోతే, సెన్సర్ చుట్టూ గాలీ ఆవిరీ మిగులుతాయి. లోహంలోని వేడి దానికి సరిగ్గా అందదు. ముల్లు పడిపోతుంది, లోపల ఇంజన్ కాలిపోతూనే ఉంటుంది. ఎక్కిన ముల్లు హఠాత్తుగా పడిపోవడం మొదటి హెచ్చరిక కంటే పెద్ద హెచ్చరిక. బండి పక్కకు తీసి ఆపేయాల్సిందే.

ఇంకో సంగతి. చాలా కార్లలో ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారీదారులే అమరుస్తారు. లోపల వేడి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు కదలదు. ప్రతి చిన్న కదలికకూ యజమానులు బెదిరిపోకూడదని ఆ ఏర్పాటు. కాబట్టి మధ్యగీత దాటి ముల్లు పైకి జరిగిందంటే వేడి అప్పటికే బాగా పెరిగిందని అర్థం. కొన్ని చిన్న కార్లలో ముల్లు కూడా ఉండదు. నీలం దీపం వెలిగితే ఇంజన్ ఇంకా చల్లగా ఉందని, ఎర్రదీపం వెలిగితే మితిమీరిందని. మధ్యలో ఏమీ లేదు.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది

పెట్రోలు మండేటప్పుడు సిలిండర్ లోపలి వాయువుల వేడి క్షణకాలం 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పిస్టన్‌దీ, చాలా ఇంజన్లలో సిలిండర్ హెడ్‌దీ లోహం అల్యూమినియం. అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా రోజూ ఏమీ కావడం లేదంటే, హెడ్ గోడల వెనక తిరిగే కూలెంటు, పిస్టన్ అడుగున పడే ఆయిలు ఎప్పటికప్పుడు ఆ వేడిని లాగేసుకుంటున్నందువల్లే. పోసిన పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు మూడోవంతు బండిని నడుపుతుంది, మూడోవంతు సైలెన్సర్ గుండా పోతుంది, మిగతా మూడోవంతు కూలెంట్‌లోకి దిగుతుంది. చక్రాలకు అందే శక్తి ఎంతో, రేడియేటర్ గాలికి వదలాల్సిన వేడీ దాదాపు అంతే.

తొలి దూరప్రయాణంలోనే నీళ్ల కోసం ఆగారు

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ కారుకు ఇప్పటిలాంటి రేడియేటర్ లేదు. ఇంజన్ చుట్టూ ఉన్న నీరు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. అందుకే దారి పొడుగునా ఆగి నీళ్లు నింపుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. మోటారు కారు చరిత్రలో తొలి దూరప్రయాణపు కష్టాల్లో ఇంజన్ వేడి కూడా ఒకటన్నమాట.

దీనికి గట్టి పరిష్కారం చూపినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900లో సిద్ధమైన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్ కోసం ఆయన 8,070 సన్నని చదరపు గొట్టాలను ఒకదాని పక్కన ఒకటి అతికి, తేనెపట్టు ఆకారంలో రేడియేటర్ చేశాడు. ఒక్కో గొట్టం వెడల్పు 6 మిల్లీమీటర్లు. గాలి తగిలే వైశాల్యం పెరిగింది, కొద్దిపాటి నీటితోనే పెద్ద ఇంజన్ చల్లబడింది. నేటి కార్ల రేడియేటర్లు రూపం మార్చుకున్నాయి గాని సూత్రం అదే.

ఎక్కడ వేడెక్కింది? జబ్బు పేరు అందులోనే ఉంది

‘అన్నా, బండి హీటెక్కుతోంది’ అంటే మెకానిక్‌కు సగం సంగతే తెలిసినట్టు. ట్రాఫిక్‌లోనా, హైవేలోనా, ఘాట్ ఎక్కేటప్పుడా అన్నది మిగతా సగం.

హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర నిలబడ్డప్పుడు వేడెక్కి, రోడ్డు ఖాళీగా దొరకగానే చల్లబడుతుంటే మొదట ఫ్యాన్‌ను అనుమానించాలి. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ అవసరం పెద్దగా ఉండదు. ఆగినప్పుడే దాని పని. ఇంటి దగ్గరే చూసుకోవచ్చు: బండి నిలబెట్టి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లోనే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టాలి. తిరగకపోతే మోటారో, రిలేయో, ఫ్యూజో పోయి ఉంటుంది. ఇది తక్కువ ఖర్చుతో అయిపోయే పని.

సిటీలో బాగానే ఉండి, విజయవాడ హైవే ఎక్కి వేగం పెంచాకే వేడెక్కుతుంటే కథ వేరు. గాలికి కొదవ లేదు, కూలెంట్ ప్రవాహమే చాలడం లేదు. రేడియేటర్ గొట్టాలు లోపల తుప్పుతో పూడుకుపోయి ఉండొచ్చు, కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, మన మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే పంపు రెక్కలు అరిగిపోయి ఉండొచ్చు. కింది హోస్ పైపు పాతదై మెత్తబడితే, వేగంలో పంపు లాగే ఊపుకు లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి చూసేసరికి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది కాబట్టి ఈ లోపం చాలాకాలం దొరకదు.

పొద్దున స్టార్ట్ చేసిన నాలుగైదు నిమిషాల్లోనే ముల్లు ఎక్కిపోతే కూలెంట్ బాగా తగ్గిందని, లేదా థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుందని అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా రేడియేటర్ పై పైపు కాలుతూ, కింది పైపు చల్లగా ఉంటే ప్రవాహం ఎక్కడో ఆగిపోయినట్టే.

ఘాట్ రోడ్ల సంగతి ప్రత్యేకం. తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ మీదో, శ్రీశైలం దారిలోనో బండి చిన్న గేర్లలో నెమ్మదిగా, పూర్తి బరువు లాగుతూ పోతుంది. ఇంజన్ పుట్టించే వేడి ఎక్కువ, తగిలే ఎదురుగాలి తక్కువ. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది కాబట్టి, అది వదిలిన వేడిగాలే రేడియేటర్‌కు తగులుతుంది. మే నెల ఎండ దీనికి తోడు. రేడియేటర్ వదలగలిగే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు, చలికాలపు గాలి 25 డిగ్రీలు అయితే తేడా 70. అదే గాలి 45 డిగ్రీలైతే తేడా 50. అంటే మండుటెండలో అదే రేడియేటర్ సామర్థ్యం దాదాపు 30 శాతం పడిపోతుంది. చలికాలంలో బయటపడని లోపం ఎండాకాలంలో బయటపడేది ఇందుకే. ముల్లు ఎక్కుతుంటే ఘాట్‌లో ఏసీ కట్టేయడం మంచి పని.

థర్మోస్టాట్ పీకేయడం వైద్యం కాదు

‘మన ఎండలకు ఇదెందుకు సార్, తీసేస్తే చల్లగా నడుస్తుంది’ అని థర్మోస్టాట్‌ను పీకి పక్కన పడేసే అలవాటు మన షెడ్లలో ఇప్పటికీ ఉంది. దయచేసి ఒప్పుకోకండి. ఆ చిన్న భాగంలో కరెంటు లేదు, తీగలు లేవు. లోపలి డబ్బీలో మైనం ఉంటుంది. చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల దగ్గర అది కరిగి వ్యాకోచించి కవాటాన్ని తోస్తుంది, కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్తుంది. అంతవరకూ దాన్ని ఆపి ఉంచి, ఇంజన్‌ను త్వరగా సరైన వేడికి తేవడమే దాని పని. తీసేస్తే ఇంజన్ ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, మండని పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది, సిలిండర్ అరుగుతుంది. అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటే అది అలాగే మిగిలిపోతుంది.

మూత కూడా ఒక యంత్రమే

రేడియేటర్ మూతలో స్ప్రింగు ఉంటుంది. అది లోపల సుమారు 1 బార్ అదనపు ఒత్తిడిని నిలబెడుతుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా మరగదు. సగం నీళ్లు, సగం కూలెంట్ ఉన్న మిశ్రమమైతే 125 దాటినా తట్టుకుంటుంది. స్ప్రింగు బలహీనపడితే మిగతావన్నీ బాగున్నా కూలెంట్ ముందే మరిగి పొంగిపోతుంది. పెద్ద మరమ్మతుకు దిగేముందు మూత మార్చి చూడమనడం తప్పు కాదు.

వేడి ఇంజన్ మీద మూత తిప్పవద్దనే మాటకు కారణం కూడా ఇదే. తిప్పగానే ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా మరగకుండా ఆగిన ద్రవం ఒక్కసారిగా మరుగుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. ఆ ఆవిరి దూసుకొచ్చేది మూత తిప్పుతున్నవారి ముఖం మీదికే. గుడ్డ చుట్టి తిప్పినా కాలుతుంది. కనీసం అరగంట, ఇంకా వేడిగా ఉంటే అంతకంటే ఎక్కువసేపు ఆగండి.

మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు?

లంబసింగిలాంటి చోట్ల తప్ప మన దగ్గర నీరు గడ్డకట్టేంత చలి లేదు కదా, పంపు నీళ్లు చాలవా అని అడిగేవారు చాలామంది. నిజానికి వేడిని మోయడంలో కూలెంట్ మిశ్రమం కంటే ఉట్టి నీరే మెరుగు. కాని ఉట్టి నీరు ముందే మరుగుతుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. అవి వేడికి విడిపోయి ఇంజన్ లోపలి దారుల్లో పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని దాటనివ్వదు. అమెరికాలో చికాగో, మినియాపోలిస్‌లలో ఉండే మనవాళ్లకు మాత్రం మొదటి భయం గడ్డకట్టడమే. నీరు మంచయితే ఘనపరిమాణం 9 శాతం పెరిగి ఇనుప బ్లాకును కూడా పగలగొట్టేస్తుంది. సగం సగం మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా ఆగుతుంది.

డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి, లేదా కలిపి అమ్మేదే కొనండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులకు అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. రంగు కలిసిందని రెండు రకాలు కలపకండి, మీ కారు పుస్తకంలో రాసిన రకమే వాడండి. లీకు ఆపడానికి రేడియేటర్‌లో పసుపు పోసే పాత చిట్కా దగ్గరి ఊరు చేరడానికి పనికొచ్చినా, తర్వాత సన్నని గొట్టాలనే పూడ్చేస్తుంది. ఎథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. నేల మీద కారితే కుక్కలూ పిల్లులూ నాకకుండా వెంటనే నీళ్లతో కడగండి. పిల్లలకు అందే చోట డబ్బా పెట్టకండి.

చల్లగా ఉన్నప్పుడు మోగేది వేరు, వేడెక్కాక మోగేది వేరు

ఇంజన్ చప్పుడు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోందన్నదే ముఖ్యం. పొద్దున టక్ టక్‌మని వినిపించి, వేడెక్కే కొద్దీ తగ్గిపోతుంటే అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరి సన్నని లీకు కావచ్చు. లోహం వ్యాకోచించగానే సందు మూసుకుపోతుంది. అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకున్నా అలాగే వినిపిస్తుంది. స్టార్ట్ చేసిన రెండు మూడు క్షణాలు గరగరలాడి ఆగిపోతే, ఆయిల్ ప్రెషర్ అందేదాకా టైమింగ్ చైన్ టెన్షనరో, హైడ్రాలిక్ టాపెట్లో చేసే గోల. ఇవి తొందరపెట్టవు గాని చూపించుకోవాలి.

దీనికి తిరగబడ్డ రకం ప్రమాదకరం. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, వేడెక్కాక లోతుగా ఠంగ్ ఠంగ్‌మని, యాక్సిలరేటర్ తొక్కితే పెరిగే చప్పుడు కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ది కావచ్చు. వేడికి ఆయిల్ పలచబడగానే అరిగిన బేరింగ్‌లో సందు బయటపడుతుంది. ఏ సిలిండర్‌దో పట్టడానికి పాత మెకానిక్‌లు ఒక్కో సిలిండర్‌కు ప్లగ్గు కరెంటు తీసి వింటారు. ఏది ఆపితే చప్పుడు తగ్గిందో అదే దోషి. దీనితోపాటు ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే షెడ్డు దాకా కూడా నడపకూడదు, లాక్కెళ్లాలి.

చప్పుడు లయను బట్టి కూడా చోటు చెప్పొచ్చు. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు సార్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్కసారే తిరుగుతుంది. 800 ఆర్పీఎం ఐడ్లింగ్‌లో కిందనుంచి వచ్చే బేరింగ్ దెబ్బ సెకనుకు 13 సార్లు పడితే, పైన ఒక్క వాల్వు టాపెట్ చప్పుడు ఏడుకు లోపే. అలవాటైన చెవి ఈ తేడాను ఇట్టే పట్టేస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కి వినే మన మెకానిక్‌ల పద్ధతిని చిన్నచూపు చూడకండి. గాలిలో కలిసిపోయిన చప్పుళ్లను వదిలేసి, ఆనించిన చోటి చప్పుడునే అది చెవికి చేరవేస్తుంది. మీరు మాత్రం చున్నీ, వదులు చొక్కా, గాజులతో తిరిగే బెల్టు దగ్గరికి వెళ్లవద్దు. ఇంజన్ ఆపినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ హఠాత్తుగా తిరగవచ్చు.

కీచుమంటే బెల్టు. మెకానిక్ నడుస్తున్న బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరిస్తాడు. చప్పుడు పెరిగితే బెల్టు వదులు, కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. గుర్రుమంటూ, వాటర్ బాడీ కింది చిన్న రంధ్రం నుంచి కూలెంట్ కారుతుంటే పంపు సీలు, బేరింగ్ పోతున్నాయి. ఆ రంధ్రాన్ని లీకు తెలియడానికే కావాలని పెడతారు, ఎం-సీల్‌తో మూసేయకండి.

వేడీ చప్పుడూ కలిసే చోటు

ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేర్‌లో నొక్కితే ఇంజన్ కిణకిణమంటుంది. దాన్ని నాకింగ్ అంటారు. ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే, మూలనున్న పెట్రోలు-గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను భగ్గుమంటుంది. ఆ దెబ్బ సిలిండర్ గోడల్ని మోగిస్తుంది. ఇంజన్ ఎంత వేడెక్కితే నాకింగ్ అంత ఎక్కువ. నేటి కార్లలో పీజో సెన్సర్ దీన్ని విని, కంప్యూటర్ చేత స్పార్క్‌ను ఆలస్యం చేయిస్తుంది. చప్పుడు మాయమవుతుంది, పికప్ తగ్గుతుంది. ‘బండి లాగట్లేదు’ అనే ఫిర్యాదు వెనక ఒక్కోసారి కూలింగ్ లోపం దాగి ఉండేది అందుకే.

ఈ చప్పుడును ఆపాలనే ప్రయత్నం ప్రపంచానికి చాలా చేటు చేసింది. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం సమ్మేళనం కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. తర్వాత దశాబ్దాల పాటు పొగగొట్టాల నుంచి సీసం గాలిలోకి వెళ్లి పిల్లల మెదళ్లను దెబ్బతీసింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. ప్రపంచంలో చివరగా మానేసిన దేశం అల్జీరియా, 2021లో.

గ్యాస్కెట్ కొట్టిందంటే

వేడికి అల్యూమినియం పోత ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాకు మీద బిగించిన అల్యూమినియం హెడ్ మితిమీరి వేడెక్కితే వంగుతుంది. చాలా ఇంజన్లలో మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు వంకరే హద్దు. దాటితే హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ పట్టు తప్పుతుంది. సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో ఆగకుండా తెల్లపొగ, రిజర్వు ట్యాంకులో బుడగలు, డిప్‌స్టిక్ మీద పాలు ఎక్కువైన టీ రంగు ఆయిల్, ఎక్కడా కారకుండానే తగ్గిపోయే కూలెంట్ దాని గుర్తులు. ఇక ఇంజన్ విప్పడమే.

అమెరికాలో క్యాడిలాక్ నార్త్‌స్టార్ ఇంజన్‌కు 1990లలో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. కూలెంట్ పూర్తిగా పోతే ఎనిమిది సిలిండర్లలో సగానికి వంతులవారీగా పెట్రోలు ఆపి, వాటిని గాలి పీల్చి వదిలే పనికి పెట్టేవారు. ఆ గాలితో చల్లబడుతూ కారు నెమ్మదిగా షెడ్డు చేరేది. మన కార్లలో ఇలాంటి రక్షణ ఉంటుందని నమ్మి నడపవద్దు.

బెదరక్కర్లేనివీ ఉన్నాయి. ఆపాక కాసేపు ఫ్యాన్ తిరగడం మామూలే. సైలెన్సర్ చల్లబడుతూ టిక్ టిక్‌మనడం మామూలే. కింద గలగలమంటే తరచుగా వేడిని అడ్డుకునే రేకు వదులైనట్టే, ఒక క్లిప్పుతో పోతుంది.

ముల్లు ఎక్కుతుంటే

ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తిగా తిప్పండి. హీటర్ లోపల ఉండేది మరో చిన్న రేడియేటరే. ఇంజన్ వేడిని కొంత అది లాగేస్తుంది. ఎండాకాలంలో కష్టమే, అద్దాలు దించుకోండి. ముల్లు పైన ఉన్నా హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే కూలెంట్ తిరగడం లేదని తేలిపోయినట్టే. అప్పుడూ, ఎర్రదీపం వెలిగినా, ఆవిరి కనిపించినా వెంటనే ఆపేయండి. కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు.

షెడ్డుకు వెళ్లినప్పుడు ఏ భాగం మార్చాలో మీరు చెప్పకండి. ఏ వేగంలో, ఎంతసేపటికి, చల్లగానా వేడిగానా, ఏసీ ఉందా లేదా అన్నది చెప్పండి. చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. నెలకోసారి, పొద్దున్నే బండి తీయకముందు, రిజర్వు ట్యాంకులో కూలెంట్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. పోసిన నెలలోనే మళ్లీ తగ్గితే పైన పోసి ఊరుకోకుండా, ఎక్కడికి పోతోందో వెతికించండి.